గంజి ఆరేదాకా

గద్వాల,
శనివారం

ఉజ్మా, నా బంగారూ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మగ్గం ఉన్న గదే మా ఇల్లంతా. నేనెంత గుసగుసలాడినా మా అత్త జమ్ములమ్మ చెవిన పడుతుంది. ఈ సంగతి ఆమెకు అస్సలు తెలియకూడదు.

మా వీధి వెనక పాత మిల్లు మైదానం గుర్తుంది కదా, నా పెళ్లి వంటలు అక్కడే చేశారు. దాన్ని హైదరాబాదు కంపెనీ ఒకటి కొన్నది. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు, వెనక సినిమా హాళ్లు కడతారట. ప్లానుకు అనుమతి ఇచ్చేముందు సోమవారం మునిసిపల్ ఆఫీసులో జనం అభ్యంతరాలు వింటారు. మా నేతవాళ్ల వీధంతా వద్దనే అంటోంది. పడుగు దారాలు పొడవుగా సాగదీసి గంజి పెట్టుకునేది ఆ మైదానంలోనే మరి. మా ఆయన విజయ్ అందరి తరఫునా మాట్లాడతాడు.

నేను మాత్రం కట్టమని చెప్పబోతున్నాను.

తిట్టకు, విను. రోడ్డు వైపు చిన్న దుకాణాల వరుస నేతవాళ్లకే అద్దెకిస్తామని కంపెనీ మనిషి నాతో అన్నాడు. మీ చెల్లి నిఖత్ పెళ్లికి వనపర్తి వచ్చినప్పుడు ఒకావిడ మా మగ్గం మీది చీర కట్టుకొచ్చింది. అంచు చూడగానే పోల్చుకున్నాను. "అక్కా, గిది మేం నేసిందే" అన్నాను సంబరంగా. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "గిసుంటి చీర నువ్వు నేస్తవా? షోరూంల కొన్నం" అని పక్కకు జరిగింది. ఆరోజు తలనొప్పి అని చెప్పి నేను తిండి కూడా తినకుండా వచ్చేసింది అందుకే. పెళ్లయినప్పటి నుంచి అంచు వైపు కూర్చుని నేసేది నేను, పేరు మాత్రం మాకు నూలిచ్చే షావుకారుది. నాకు నా పేరున్న బోర్డు కావాలి ఉజ్మా. వీధివాళ్లు ఇంకో చోటు వెతుక్కుంటారు. నాకు ఇంకో దుకాణం ఎవరిస్తారు? స్వార్థమే అనుకో. ఎవరికి లేదు?

నోరు మూసుకుని ఉంటావని నమ్మే,
నీ స్వరూప

గద్వాల,
సోమవారం

ఉజ్మా,

నా కొంప నేనే ముంచుకున్నానేమో.

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. ఈ పొద్దున ఎండ కాసింది. ఎండ కనబడితే మావాళ్లకు ఇంకేమీ గుర్తుండదు. మైదానం నిండా పడుగులు సాగదీసి గంజి పెట్టేశారు. గంజి పెట్టాక ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి, లేకపోతే పోగులు అతుక్కుని పడుగంతా పాడవుతుంది. ఇంట్లోంచి చావు కబురు వచ్చినా మధ్యలో వదలరు. "మీటింగు యాల్లకు ఆరుతది తియ్" అన్నాడు విజయ్. నేల తేమకు ఆరలేదు.

మందులకని చెప్పి నేను ఆఫీసుకు వెళ్లాను. మా వీధివాళ్ల కుర్చీలన్నీ ఖాళీ. అధికారి మేడమ్ చుట్టూ చూసి, "అభ్యంతరాలు చెప్పనీకి ఎవ్వరు రాలే. అంటే అందరు ఒప్పుకున్నట్టేనా?" అంది. కంపెనీ మనిషి నన్ను చూసి "మాట్లాడమ్మా" అని నవ్వాడు.

లేచాను. దుకాణం మాట నోటిదాకా వచ్చింది. కానీ ఒప్పుకున్నట్టే అంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వాళ్లు ఎక్కడ ఒప్పుకున్నారు? రాలేకపోయారు, అంతే.

"ఒప్పుకోలే మేడమ్. నాకైతే దుకాణం గావాలె, గదే అడగనీకి వచ్చిన. గని మా వీధోళ్లకు ఇష్టం లేదు. గంజి పెట్టిన పడుగు ఇడ్సిపెట్టి రానీకి రాదు. జర మీరే వచ్చి సూడుండ్రి."

మేడమ్ నిజంగానే లేచి, నన్ను జీపెక్కించుకుని మైదానానికి వచ్చింది. విజయ్ కుంచె ఆపకుండానే ఆమెకు అన్నీ చెప్పాడు. నేను ఆమె జీపులోంచి దిగడం చూశాడు. ఇంతవరకూ ఒక్క మాటా అడగలేదు. నాకు భయంగా ఉంది.

స్వరూప

గద్వాల,
శుక్రవారం

ప్రాణ స్నేహితురాలా,

నెల దాటాక రాస్తున్నాను, కోప్పడకు. మునిసిపల్ ఆఫీసు ఆర్డరు వచ్చింది. ఫ్లాట్లు, సినిమా హాళ్లు కట్టుకోవచ్చట. రోడ్డు వైపు పొడవాటి పట్టీ మాత్రం పడుగులకు వదలాలి. ఆ పట్టీలో రావలసింది ఏమిటో తెలుసా? ఆ చిన్న దుకాణాల వరుసే. అందరూ సంబరపడుతుంటే నేను మగ్గం వెనక కూర్చుని ఏడ్చాను.

"నా కోడలు ఎంత త్యాగం జేసింది" అని, మేడమ్ నోట నా దుకాణం మాట విన్న అత్త ఊరంతా చెబుతోంది. నాకు ఒళ్లు మండుతోంది. అది త్యాగం కాదు, నష్టం.

ఆర్డరు వచ్చిన రోజు విజయ్ మగ్గం మీద నా పక్కన కూర్చుని అడిగాడు. "నువ్వు దుకాణం కోసం పోయినవని మేడమ్ చెప్పింది. నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటవని."

"అంటుంటి." మళ్లీ తనే, "బోర్డు మీద ఏం పేరు రాపిద్దామనుకున్నవ్?"

"స్వరూప."

"నా పేరు లేదా?"

"లేదు."

నవ్వలేదు, కోప్పడలేదు. మర్నాడు షావుకారు నూలు వద్దని, సొంత డబ్బుతో కొనితెచ్చాడు.

నిన్న ఆ నూలు పడుగును మైదానంలో సాగదీశాం. మా దగ్గర పడుగు ఎవరిదని అడిగితే ఇంటి మగవాడి పేరు చెప్పడం ఆనవాయితీ. షావుకారు గుమాస్తా అటుగా వచ్చి, "గిది ఎవరి పడుగు?" అని అడిగాడు. వీధంతా వింటుండగా విజయ్ గట్టిగా చెప్పాడు, "స్వరూపది."

నేత పూర్తయి మగ్గం మీంచి చీర కోశాక వనపర్తి తెస్తాను. కొనేవాళ్లను చూసిపెట్టు, నేసింది ఎవరో ముందే చెప్పు.

నీ
స్వరూప