రెండు సీసాల నత్తలు

బందరు
నవంబరు 1997, ఆదివారం

మా కాలేజీ జువాలజీ ల్యాబ్ కోసం పొద్దున మంగినపూడి సముద్రపొడ్డుకి వెళ్ళి నత్తగుల్లలు ఏరాను. గోరంత ఉండే బురద నత్తలవి. గుల్ల నోటి అంచు దళసరిగా ఉంటే ఒక జాతి, పల్చగా ఉంటే ఇంకో జాతి అని ఆరేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ల్యాబ్‌లో రెండు సీసాలకూ లేబుళ్ళు రాసింది నేనే.

ఒడ్డునే రెండు కవర్లలోకి వేరుచేస్తుంటే, చేపలు ఎండబెడుతున్న నాగేంద్రమ్మ నవ్వింది.

"తల్లినీ పిల్లనీ ఇడదీత్తన్నారేంటండీ మేడం గారూ?"

"రెండూ వేరమ్మా, అంచు చూడు."

"ఎదిగేదాకా పల్చగానే ఉంటదండి. ఎదగటం ఆగాకే దళసరెక్కుద్ది. రోజూ చూత్తానే ఉంటాం కదండీ."

నాకు కోపం వచ్చింది. ఇంటికొచ్చి లెన్స్ కింద పెట్టాను. కొసన చుట్లు, పైన గీతలు, అడుగున గాడి, అన్నీ ఒకటే. అంచు సగమే దళసరెక్కినవి నాలుగు దొరికాయి. అలాంటివాటిని ఇన్నాళ్ళూ ఏ సీసాలోనూ ఇమడవని నేనే పారేశాను.

లేబుల్ రేపు చింపేస్తాను, అదెంత పని. మంగినపూడి నుంచి ఆటోలో వచ్చి చదువుకున్న దేవి గుర్తొస్తోంది. మూడేళ్ళ కిందట ల్యాబ్‌లో "రెండూ ఒకటేనండీ" అంది. అందరి ముందూ కసిరి కూర్చోబెట్టాను. మర్నాడు రికార్డులో నేను చెప్పినట్టే, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చింది.

కింద 'వెరీ గుడ్' అని రాసి సంతకం పెట్టాను.