మిల్లు తలుపుకు తాళం వేసిందెవరు

అమ్మలూ,

దేవుడు క్షమించినవాణ్ణి మనమూ క్షమించి తీరాలా అన్న అనుమానం నాకు ఏళ్లుగా ఉంది.

పాలు కాచాను. పదింటికి తాతయ్యకి మాత్ర ఇవ్వు.

నీకు ఇంట్లోనే చదువు చెబుతూ, చరిత్రకి పాఠ్యపుస్తకం వద్దు, ఆ రోజులు చూసినవాళ్లు రాసిందే చదువుదామన్నది నేనే. నువ్వేమో తాతయ్యనడిగి, "కూలీల నిర్లక్ష్యం వల్లే మిల్లు తగలబడింది" అని నోట్సు రాసుకున్నావు. అది కొట్టెయ్యి. బల్లమీది పుస్తకం ఆ రోజు కిటికీలోంచి దూకి బతికిన కూలీ ఆవిడ రాసింది. నలభయ్యో పేజీ చూడు. నూలు దొంగిలిస్తారని బయట తాళం వేసి భోజనానికి వెళ్లిన సూపర్‌వైజరు మీ తాతయ్యే. లోపల తొమ్మిదిమంది కాలిపోయారు.

ఏడుపొస్తే ఏడువు తల్లీ, పేజీ మాత్రం పూర్తి చెయ్యి. ఆయన్ని ఓదార్చకు. "నిజమేనా?" అని అడుగు. వినబడనట్టు నటిస్తారు. మళ్లీ అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో.

నాన్న

ఇంకోటి. పుస్తకం ఇస్తూ ఆవిడ, "మీ నాన్నగారు వినేలా ఒక్కసారి చదవండి బాబూ, చాలు" అంది. మాటిచ్చి, పన్నెండేళ్లు దేవుడి గూట్లో దాచాను. ఇవాళ పొద్దున్నే ఆయన మంచం పక్కన కూర్చుని చదివాను. "ముసలాణ్ణిరా, ఆపు" అన్నారు. చివరిదాకా చదివాను.