సగం దగ్గర కట్టేసిన ముల్లు

అమలాపురం, ఆగస్టు 2003, ఆదివారం

గేజి ముల్లు సగం ట్యాంకు చూపిస్తుండగానే నాన్నగారి పాత కారు రాజోలు దారిలో పెట్రోలు లేక ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ముల్లుకు చెప్పే ఫ్లోటును మార్చమని, మద్రాసు నుంచి తెప్పించిన కొత్తది పోయిన నెలే మెకానిక్ సూరిబాబుకు ఇచ్చాను. "వేసేవా?" అంటే "ఆయ్" అన్నాడు.

సాయంత్రం ట్యాంకు విప్పి చూస్తే పాత ఫ్లోటే ఉంది. ముల్లు సగం దగ్గరే నిలిచేలా దాన్ని వైరుతో కట్టేశాడు. షెడ్డుకు వెళ్లి నిలదీశాను.

"మిల్లు రాజుగారి బండికేసేనండీ. ఆయనది రోజూ తిరిగేదాయె. మీరెప్పుడో గానీ తియ్యరు కదండీ."

"మరి ఆయ్ అన్నావేం?"

"మీ మాట వినబడిందని అన్నానండీ. వేసేనని అన్నానేంటండీ?"

నవ్వుతూనే అన్నాడు. నమ్మినవాడు చేశాడన్నదే మింగుడు పడటం లేదు. నేను పత్రికా విలేకరిగా ఉన్న ఈ పదహారేళ్లుగా చుట్టుపక్కల వార్తలు ముందు నాకు చెప్పేది అతనే. నిర్ధారణకు ఆ ఒక్క 'ఆయ్' చాలనుకున్నాను. కాలువ గట్టు తెగినప్పుడు, లాకుల దగ్గర నీళ్లు చూసే లస్కరు తాగి పడుకున్నాడటగా అని అడిగితే సూరిబాబు అదే 'ఆయ్' అన్నాడు. రాశాను. లస్కరు ఉద్యోగం పోయింది. తర్వాత ఆ లస్కరు నా దగ్గరకు వచ్చి, "ఆ రాత్రి నేను డ్యూటీలోనే లేనండి బాబూ" అన్నాడు.

ఆ మాట నేను పేపర్లో వెయ్యలేదు.