రంపానికి అవతలివైపు

లాయరమ్మా,

నల్లకోటు వేసుకున్నావని తాతకే మాటలు నేర్పకు. నాతో రంపం లాగేవాడు కోపంలో సుత్తితో కొడితే నా కుడి చెవి వినపడకుండా పోయింది, నిజమే. మీ నాయనమ్మ సణుగుడు సగం తగ్గింది, ఆ లాభం ఎవరూ చెప్పరేం?

సోమవారం వాడి శిక్ష తగ్గించాలా అని జడ్జిగారు అడిగితే వద్దనమన్నావు. వాడు జైల్లో మగ్గితే నాకు వినపడుతుందా? మీ నాన్న కోపం చల్లారుతుందంతే. దాన్ని న్యాయం అనకు తల్లీ.

నాకు కోపం లేదనుకోకు. అయినా వదిలేయమనే చెప్తాను. పెద్ద రంపానికి రెండువైపులా మనిషి ఉండాలి. వాడు రోజూ నా ఎదురుగా కూర్చుని, ఈ చెవి చూస్తూ లాగాలి. జైల్లో వాడికి నా మొహం చూసే బాధ లేదు. ఆ సుఖం ఇంక వాడికి ఇవ్వను.

నీ మొండి తాత