ఒరిగిన గడియారం

ఉప్పల్, 1968, ఆదివారం రాత్రి

"గీ గడియారం మీకే సాబ్, ఇంకొకలకు ఇయ్య" అని గడియారాలు బాగుచేసే యాకూబ్ నాకు మాటిచ్చి పదేళ్లు దాటింది. వారం తిరక్కముందే దాన్ని నాచారంలో ఉండే మా తోడల్లుడు రంగారావుకు అమ్మేశాడు.

ఈరోజు రంగారావు ఇంట్లో భోజనం. మొన్న ఇంటికి సున్నాలు వేసినప్పుడు నేలమీద నిలబడే ఆ పాత ఇంగ్లీషు గడియారాన్ని జరిపి, ఒక పక్కకు ఒరిగినట్టే వదిలేశారు. అప్పటినుంచి మాటిమాటికీ ఆగిపోతోందట. లోలకం ఉన్న గడియారం సమంగా నిలబడాలని అతనికి ఇన్నేళ్లయినా తెలియదు. ఆగిపోనీ అనుకున్నాను. కానీ అన్నం తింటున్నంతసేపూ ఆ కుంటి చప్పుడే చెవిలో పడింది. చేయి కడుక్కుని, ఎవరూ చూడకుండా దాని కాలి కింద మడిచిన పోస్టుకార్డు ముక్క పెట్టాను. చప్పుడు సమమైంది.

రంగారావు చెవి రిక్కించాడు. "సూసినవా అన్నా, మల్ల మంచిగ నడుస్తుంది! యాకూబ్ బాగుజేసి ఇచ్చిన గడియారమంటే గంతే!"

తాంబూలం కూడా వేసుకోకుండా వచ్చేశాను. ఇప్పుడు ఆ గడియారం అతని ఇంట్లో నా చేతి చలవతో నడుస్తోంది. రంగారావును ఏమనగలను? కొనేవాడు అడుగుతాడు. నాకు మాటిచ్చి కూడా అతనికి ఇచ్చేసినవాడు యాకూబ్.