ఉత్తరం వెనక కొలతలు

చరిత్ర పంతులుగారికి కుట్టుమిషన్ అమ్మ నమస్కారాలు.

మీ బడి పిల్లలు "మొదటి అడుగు వేసినవాళ్ళు" అని ప్రాజెక్టు రాస్తున్నారట. ఈ ఊళ్ళో ఫైరింజను నడిపిన మొదటి ఆడపిల్ల మా చిన్నదే, రాసుకోమనండి. పోయిన ఏడు జ్వరంతో పోయింది. ఎన్ని మంటలార్పిందో, దాని ఒంటి మంటే ఆరలేదు. అప్పట్నుంచి నేను మిషన్ మీద కప్పిన దుప్పటి తియ్యలేదు.

ఇట్లు,
దాని అమ్మ

తా.క. తెల్లకాగితం లేక కొలతల పుస్తకం చింపి రాస్తున్నా. వెనక మందులషాపాయన నడుము ఉంది, చూడకండి.

*

అమ్మా, నమస్కారం.

పిల్లలు ఎగిరి గంతేశారు. కానీ ఫైరాఫీసువాళ్ళు మొదటి డ్రైవరమ్మ ఇంకొకావిడ అంటున్నారు. మీ అమ్మాయి చేరిన ఏటి రికార్డులు కాలిపోయాయట. ఎవరు చెప్పినా ఊరికే నమ్మొద్దు, ఆధారం అడగండి అని పిల్లలకి నేర్పేది నేనే. అందుకే అడుగుతున్నా, ఏదైనా ఉందా? ప్రదర్శనకి పదిహేను రోజులే ఉంది.

మీ చరిత్ర పంతులు

తా.క. నేను చూడలేదు. పిల్లలు చూశారు. నలభై నాలుగంగుళాలట.

*

పంతులుగారూ, నమస్కారం మీ ఉద్యోగానికి పెడుతున్నా, మీకు కాదు.

నిప్పార్పేవాళ్ళ ఇంట్లోనే రికార్డులు కాలాయా! వాళ్ళని నమ్మి కన్నతల్లిని ఆధారం అడుగుతారా? దాన్ని కన్నది నేనేననడానికీ సాక్షిని తేవాలా? మీ బుర్రలో చరిత్ర ఎక్కువై బుద్ధికి చోటు మిగల్లేదు. ఇదిగో, దాని యూనిఫాం ఫ్యాంటు పంపుతున్నా. మసి మరకలన్నీ పోయేలా రెండుసార్లు ఉతికి, చిరుగు చేత్తో కుట్టి, ఇస్త్రీ చేశా. ఇక నోరెత్తకండి.

కన్నతల్లి

తా.క. వెనక గుండుసూదితో గుడ్డముక్క గుచ్చి ఉంది, జాగ్రత్త. గుచ్చుకున్నా ఫర్వాలేదు.

*

అమ్మా, గుచ్చుకుంది.

ఉతికిన ఫ్యాంటు చూసి పిల్లలు ఏడుపుమొహాలు పెట్టారు. ఆ మరకలే కదమ్మా మాకు ఆధారం! అంతలో సూది గుచ్చుకుని కాగితం తిప్పాను. "ఫైరాఫీసు డ్రైవరు పిల్లకి ఫ్యాంటు. నడుము ఇరవై ఆరు. మగ డ్రైవర్ల కొలత పనికిరాదు." పక్కన తేదీ. కింద, బట్టలు ముట్టినట్టు ఆఫీసరు సంతకం! ఆ ఇంకొకావిడ చేరడానికి రెండేళ్ళ ముందు! మా వెనకబెంచీ పిల్ల ఫ్యాంటు అంచు మడత విప్పింది. లోపల వెలిసిపోని గుడ్డకీ మీ గుడ్డముక్కకీ రంగు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఫైరాఫీసువాళ్ళు ఒప్పుకుని రికార్డు దిద్దారు. ప్రదర్శనకి మీరు రావాల్సిందే.

మీ పంతులు

తా.క. వేలికి కట్టుంది. రాత వంకరకి మన్నించండి.

*

పంతులుగారికి నిండు నమస్కారం. ఈసారి మీకే.

ప్రదర్శనకి వచ్చాను కదా, చూస్తే రెండు గాజుపలకల మధ్య నా కాగితం. ఒక పక్క మా చిన్నదాని కొలతలు. వెనక్కి వెళ్తే మీకు పెట్టిన చీవాట్లు! ఊరంతా వరసకట్టి రెండు పక్కలా చదువుతోంది. మీ హెడ్మాస్టరుగారైతే "బుద్ధికి చోటు మిగల్లేదు" దగ్గర ఆగి, మళ్ళీ మొదట్నుంచి చదువుకున్నారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. మా చిన్నది పోయాక నేను నవ్వడం అదే మొదలు.

మీ వెనకబెంచీ పిల్ల నా పక్కకి చేరి, "అమ్మమ్మా, నాకూ అలాంటి ఫ్యాంటు కుట్టవా? నేనూ ఇంజను నడుపుతా" అంది. ఇంటికి రాగానే మిషన్ మీద దుప్పటి తీశా.

మొదటి డ్రైవరమ్మ అమ్మ

తా.క. ఇది తెల్లకాగితమే, వెనక్కి తిప్పకండి. కొలతల పుస్తకంతో నాకు పనిపడింది. కొత్త పేజీ: నడుము ఇరవై మూడు.