పాత పేపరులో మార్చిన ఒక్క అంకె

మంగళవారం, నర్సీపట్నం

కోపం ఇంకా దిగలేదు. పదో తరగతి లెక్కల సప్లిమెంటరీకి తొమ్మిది రోజులే ఉంది. ఈసారీ తప్పితే నా దగ్గరుండి చదువుకుంటున్న కూతురు జ్యోతిని జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనికి పెట్టేస్తానని గొలుగొండ నుంచి మా చెల్లెలి మొగుడు ఫోన్ చేశాడు.

"ఐదేళ్ల పేపర్లూ నోటికొచ్చేసాయి పెద్దమ్మా," అంది జ్యోతి సాయంత్రం. సరే చూద్దామని, శంకువు ఏటవాలు ఎత్తు కనుక్కోమన్న లెక్కలో వ్యాసార్ధం ఏడు కొట్టేసి పది చేసి ఇచ్చాను. పాత జవాబే, ఇరవై ఐదు, రాసి తెచ్చింది.

"అంకెలు మార్చేస్తే ఎలాగ? మా ట్యూషన్ సారు ఇలాగే వస్తాదన్నారు."

ఆ సారుకు ఫోన్ చేశాను. "పాసైపోతే సాలదేటండీ మేడమ్?" అన్నాడు.

చాలదు. పాత పేపరు పెట్టేది పిల్లకు ఏది రాదో తేలడానికి. వీళ్లు జవాబులతో సహా బట్టీ పట్టించి ఫీజు తీసుకుంటారు. చెరకు రైతు కూతురికి ఇంతకంటే ఎందుకని వీళ్ల లెక్క. ఇదంతా జ్యోతిని ఎదురుగా కూర్చోబెట్టి అరగంట సేపు అన్నాను.

అంతా విని, "తప్పెక్కడో సెప్పనేదు పెద్దమ్మా," అని వెళ్లి పడుకుంది.

ఇప్పుడు ఆ కాగితం తీసి చూశాను. సూత్రం సరిగ్గా రాసింది. రెండో వరసలో ఏడు బదులు పది వేసింది. మూడో వరసలో మాత్రం బట్టీ పట్టిన ఇరవై ఐదు వచ్చి కూర్చుంది.

మొదటి రెండు వరసలూ తను సొంతంగా చేసినవే. ఆ సారు చూడడు సరే. నేనూ చూడలేదు.